ఆ ఫొటో ఏ నెలలో తీశారండి?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కొత్త రకం ఇళ్ల మీద రెండు పేజీలు వేశారు. ప్లాస్టరింగ్ లేని ఎర్ర ఇటుక గోడలు, రంగు పడని బూడిదరంగు కాంక్రీటు, నేల నుంచి స్లాబు దాకా అద్దాలు. చివర్లో చండీగఢ్ ఊసు, దాని ప్లాను గీసిన ఆర్కిటెక్టు లె కార్బూజియె ఊసు కూడా వచ్చాయి. మా ఆవిడ ఆ పేపరు మీద మినప్పప్పు ఎండబోయబోతే లాక్కుని దాచుకున్నాను. నాకొక సందేహం ఉండిపోయింది. ఆ ఫొటోలు ఏ నెలలో తీశారండి? గోడ అడుగున మట్టి చిమ్మిన మరక లేదు, స్లాబు అంచున నల్లచార లేదు. నా లెక్కన గృహప్రవేశం తోరణాలు విప్పిన మర్నాడు తీసి ఉంటారు. ఆ ఇళ్లు ఇంకా మన వానను చూడలేదు.

నేను తాపీ మేస్త్రీని. మాది పి.గన్నవరం దగ్గర ఊరు. పదో తరగతి తప్పిన ఏడాది మా నాన్న చేతిలోంచి తాపీ అందుకున్నాను, నలభై రెండేళ్లయింది. ఇటుకనూ కాంక్రీటునూ బయటికి కనపడేలా వదిలేయడం తప్పని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అలాంటివి నేనూ కట్టాను. ఒకటి బాగా కుదిరింది, ఇంకొకటి నా పరువు తీసింది.

కుదిరినదాని సంగతి ముందు చెబుతాను. 2011లో గోదావరి లంకల్లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు ఇల్లు మొదలుపెట్టారు. ప్లాస్టరింగ్ వద్దన్నారు, డబ్బు ఆదా అవుతుందని. మా వైపు ప్లాస్టరింగ్ లేని ఇంటికి ఒకటే అర్థం, కట్టేవాడి దగ్గర డబ్బులైపోయాయని. గోడలు నడుమెత్తు లేచేసరికి దారిన పోయేవాళ్లు సైకిలు ఆపి మరీ అడిగేవారు, "ఏం మేస్త్రీగారూ, మాస్టారికి పింఛను ఆగిపోయిందా?" అని. మాస్టారు నవ్వి ఊరుకునేవారు. అమ్మగారు మాత్రం ఊరుకోలేదు. "పెళ్లికెదిగిన పిల్ల ఉన్న ఇల్లు, ఇలా పచ్చిగోడలతో వదిలేస్తే ఏ సంబంధం వాళ్లు గుమ్మం తొక్కుతారండీ" అని రోజూ మజ్జిగ ఇస్తూ నన్నే అడిగేవారు, నేనేదో ఆయన్ని చెడగొట్టినట్టు.

ఆ ఇంటికి కట్టింది ఎలుకబోను కట్టు. తిరువనంతపురంలో స్థిరపడి తక్కువ ఖర్చులో వందల ఇళ్లు కట్టిన లారీ బేకర్ గారు మన దేశంలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆయన ఇంగ్లండులో 1917లో పుట్టి, 2007లో తిరువనంతపురంలోనే పోయారు. నాకు ఈ కట్టు నేర్పింది 1996 తుఫాను తర్వాత మా కోనసీమకు ఇళ్ల పని మీద వచ్చిన ఒక మలయాళీ ఇంజనీరు. మామూలుగా ఇటుకను పడుకోబెట్టి కడతాం. ఇందులో అంచు మీద నిలబెడతాం. రెండు ఇటుకలు ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో మూడంగుళాల ఖాళీ వదిలి, ఆ పక్కన ఒక ఇటుక అడ్డంగా వేసి మూసుకుంటూ పోతాం. గోడ మందం తొమ్మిదంగుళాలే, కానీ కడుపులో గాలి ఉంటుంది. ఇటుకలో నాలుగో వంతు మిగులుతుంది, మాలు, అంటే ఇటుకల మధ్య పెట్టే సిమెంటు ఇసుక ముద్ద, ఇంకా ఎక్కువే మిగులుతుంది. రోహిణి కార్తె ఎండ బయటి ఇటుకను కాల్చినా ఆ ఖాళీ దాటి లోపలికి రావడానికి చాలాసేపు పడుతుంది. పేరు వినగానే మాస్టారి అత్తగారు హడలిపోయారు, "ఎలుకలు దూరతాయేమో నాయనా!" అని. "ఆయ్, దూరవండి, పైన కింద మూసేస్తామండి" అని ఆవిడకు నచ్చజెప్పేసరికి నాకొక పూట కూలి పోయింది.

మాస్టారి లెక్క తప్పింది ఎక్కడంటే, ఇటుక దగ్గర. ప్లాస్టరింగ్ చేసే గోడకు ఇటుక ఎలా ఉన్నా నడుస్తుంది. వంకరటింకరంతా అరంగుళం మాలు కింద దాక్కుంటుంది. పచ్చిగోడకు ఆ దాపు లేదు. మా గోదావరి ఒండ్రుతో పోసి ఊకతో కాల్చిన నాటు ఇటుక ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బట్టీ నడుమ ఉన్నవి మాడి వంగిపోతాయి, అంచున ఉన్నవి సగమే కాలి గోరు పెడితే పొడి రాలుతుంది. లారీ దింపిన ఇటుకను రెండు చేతుల్లో రెండేసి పట్టుకుని ఒకదానికొకటి కొట్టి చూశాను. ఖంగుమంటే బయటి గోడకు, బొద్దుగా మోగితే లోపలి అడ్డగోడకు. మాస్టారు అరుగు మీద కుర్చీ వేసుకుని స్కూలు హాజరు పట్టీలాగా గీతలు గీసేవారు. మొదటి లోడులో సగం కూడా బయటి గోడకు పాసవలేదు.

ఆ తర్వాత దర్జులు, అంటే ఇటుకకీ ఇటుకకీ మధ్య మాలు కనపడే సందులు. మామూలు గోడకు మేస్త్రీ పొంగిన మాలును తాపీతో గీరేసి ముందుకు పోతాడు. ఈ గోడకు అదే సాయంత్రం, మాలు బిగవకముందే, దర్జును అరంగుళం లోపలికి గీకాలి. మర్నాడు సన్న ఇసుక మాలు పెట్టి, చిన్న ఇనపబద్దతో నొక్కుతూ, పై అంచు కాస్త లోపలికీ కింది అంచు ఇటుక ముఖానికి సమంగానూ వచ్చేలా వాలు తీయాలి. జారే వాన నీరు దర్జులో నిలవకుండా కిందకు పోవాలి కదా. వాలు తిరగబడిందా, ప్రతి దర్జూ ఒక చిన్న కాలువే. ఆ పని చేసే కుర్రాడు ప్లాస్టరింగ్ మేస్త్రీ రోజులో చేసేదాంట్లో సగం కూడా చేయలేడు. చివరికి మాస్టారికి సిమెంటులో మిగిలింది కూలిలో పోయింది. మీ వ్యాసంలో 'ఖర్చు తగ్గుతుంది' అన్న ముక్క ఉంది. మా చేతిపనిని లెక్కలో వేయకపోతే తగ్గుతుంది మరి.

ఆ ఇల్లు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. 2022 జూలై వరదకు మెట్లదాకా నీళ్లొచ్చి వారం నిలబడ్డాయి. అడుగుకట్టు మూడడుగులు ఎత్తు చేసి, అక్కడ బోను కట్టు వాడకుండా గట్టి ఇటుకతో నింపి కట్టాం కాబట్టి సరిపోయింది. కానీ గోడ రంగు మారకపోవడానికి కారణం ఇటుకా కాదు, నా దర్జులూ కాదు. ఆ గోడకు చూరు ఉంది. చుట్టూ వసారా ఉంది. వాన నేరుగా గోడకు తగిలే చోటే తక్కువ.

మా తాతల కాలం తాటాకిల్లు చూడండి. మట్టిగోడే. పేడతో అలికిన మట్టిగోడ మన వానలో ఒక్క సీజను కూడా నిలవకూడదు. తరాలు నిలిచింది. చూరు అంత కిందికి దిగేది, తల వంచకుండా గడప దాటలేం. మండువా లోగిళ్లలో ఇంటి నడిమధ్య ఆకాశం కనపడుతుంది, వాన లోపలికే పడుతుంది. అయినా గోడ తడవదు, నాలుగు వైపులా వాలిన గూనపెంకు చూరు నీళ్లను తెచ్చి మండువా గుంటలోనే పోస్తుంది. సామాన్లు వాళ్లూ పచ్చిగానే వాడారు. టేకు దూలానికి, తాటి వాసానికి రంగెక్కడిది? ముందు గొడుగు పట్టి, తర్వాత వదిలేశారు. మీ ఫొటోల్లో గొడుగు తీసేశారు.

ఇంకో ముక్క. మన అమలాపురం వైపు మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు గోడకు ఎండ తగలదు, సజ్జ దండగ అనే ఇంజనీర్లను చాలామందిని చూశాను. ఒక మే నెలలో వాళ్లను ఉత్తరపు గోడ పక్కన నిలబెట్టి ఇటుక అందించమంటే తెలుస్తుంది.

ఇక పరువు తీసిన ఇల్లు. 2018లో రాజోలు వైపు, నది గట్టుకు దగ్గరలో, కొబ్బరితోట మధ్య. ఇంటాయన విదేశంలో ఉద్యోగం. డిజైన్ గీసిన అబ్బాయి సిటీ నుంచి నెలకోసారి వచ్చేవాడు, మంచివాడే, నన్ను ఏనాడూ ఏకవచనంలో పిలవలేదు. ఇల్లు పెట్టెలా ఉండాలి, అంచులు గీత గీసినట్టుండాలి, సజ్జలు వద్దు అన్నాడు. పడమటి గోడ మొత్తం అద్దం, పొద్దుగుంకడం ఇంట్లోంచి కనపడాలట. "బాబూ, సూర్యుడు కనపడి ఊరుకోడు, లోపలికొచ్చి సోఫాలో కూర్చుంటాడు" అన్నాను. "ఏసీ ఉంది కదా మేస్త్రీగారూ" అన్నాడు. కరెంటు లేనప్పుడు ఆ హాల్లో అప్పడం వేయించుకోవచ్చు.

అది చిన్న బాధ. అసలు బాధ కాంక్రీటుది. స్లాబు అంచులు, పిల్లర్లు, మేడమెట్లు అన్నీ పచ్చిగా వదలాలన్నాడు. కాంక్రీటు లోపలి ఇనప ఊచకూ బయటి ముఖానికీ మధ్య ఉండే మందాన్ని కవర్ అంటాం. అందుకని ఊచల కింద సిమెంటు బిళ్లలు పెడతాం, కవర్ బ్లాకులు. స్లాబు పోసే రోజు ఆ బ్లాకులు తక్కువ పడ్డాయి. రెడీమిక్స్ మా సందులోకి రాదు, కాంక్రీటు కలిపే మిల్లరు అప్పటికే తిరుగుతోంది, ముప్పై మంది కూలీలు నిలబడి ఉన్నారు, ఆకాశం మబ్బు పట్టింది. నేను కంకర ముక్కలు ఏరి ఊచల కింద దూర్చాను. ఎన్నో ఇళ్లకు అలాగే చేశాం, ఏమీ కాలేదనుకున్నాను. నీళ్లు ఆ తోటలోని బోరువి. పుక్కిలిస్తే ఉప్పన.

మూడో వర్షాకాలానికి స్లాబు అంచున బీడీ వేలు రంగులో చారలు దిగాయి. తర్వాత ఊచ వెంబడే సన్నటి పగులు. ఒకరోజు పడమటి అద్దం పైనుంచి పలక ఒకటి ఊడిపడింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. నిచ్చెన వేసుకుని సుత్తితో తట్టుకుంటూ వెళ్లాను. బాగున్నచోట కంచు మోగినట్టు ఉంటుంది, పాడైనచోట డొల్ల చప్పుడు, పుచ్చిన కొబ్బరికాయ చప్పుడే. ఆరడుగుల పొడవున డొల్లే వినిపించింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉన్న చోటు చాలక చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలినుంచి చీల్చుకుని వస్తుంది.

మా అమ్మాయి సివిల్ డిప్లొమా చదివింది. ఆ రాత్రి కాంక్రీటు పనికి మన దేశంలో పెట్టిన నియమాల పుస్తకం, ఐఎస్ 456, ముందేసుకుని చదివి వినిపించింది. సముద్రతీరపు గాలి తగిలే కాంక్రీటుకు కవర్ 45 మిల్లీమీటర్లు ఉండాలి, కాంక్రీటు బలం ఎం30 అనే రకానికి తగ్గకూడదు, ఊచలున్న కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. నేను పగలగొట్టినచోట స్కేలు పెట్టి చూస్తే 18 మిల్లీమీటర్లు. నీళ్లను టెస్టుకు ఎవరూ పంపలేదు. "నాన్నా, ఇంతకుముందు కట్టిన ఇళ్లకు ఏం కాలేదన్నావు కదా, వాటికి పైన ప్లాస్టరింగూ రంగూ ఉండి ఉప్పుగాలిని కొన్నాళ్లు ఆపాయి, అంతే" అంది. నాకు అన్నం సయించలేదు. ఆ ఇళ్లన్నీ లెక్క పెట్టుకుంటూ పడుకున్నాను.

ఇంటాయన వీడియో కాల్‌లో నన్ను అనాల్సినవన్నీ అన్నారు. డిజైన్ అబ్బాయి తప్పంతా పనిదే అన్నాడు. నా తప్పు నాదే, ఒప్పుకున్నాను. కానీ స్లాబు పోసే ముందు నేనొకటి అడిగాను, అది కూడా చెప్పాలి. స్లాబు అంచు అడుగున గాడి పెడతానన్నాను. పెద్ద పనేం కాదు. కాంక్రీటు పోసే ముందు కింద పరిచే సెంట్రింగ్ చెక్క మీద, అంచుకు రెండంగుళాలు లోపలగా, వేలంత సన్నటి రీపరు, అంటే చెక్కబద్ద, మేకులేసి కొట్టాలి. కాంక్రీటు పోసి సెంట్రింగ్ విప్పాక రీపరు ఊడదీస్తే అక్కడ గాడి పడుతుంది. వాన నీరు అంచు చుట్టి అడుగుభాగాన పాకుతూ వచ్చి, ఆ గాడి దగ్గర దాటలేక చుక్కగా రాలిపోతుంది. గాడి లేకపోతే అలాగే పాకి గోడ మీదకు దిగుతుంది, ఉప్పునూ మురికినీ వెంటబెట్టుకుని. అబ్బాయి ఒప్పుకోలేదు. కింద నుంచి చూస్తే గీత కనపడుతుందన్నాడు. ఇప్పుడు కనపడే గీతలు ఆ గాడి కన్నా పెద్దవి.

మరి సముద్రం పక్కన పచ్చి కాంక్రీటు నిలవదా అంటే, నిలిచినదాన్ని కళ్లారా చూశాను. యానాం మా పక్క ఊరే అయినా దాని కాగితాలు పుదుచ్చేరి వెళ్తాయి. అక్కడి కాంట్రాక్టరు దగ్గర పనిచేసేటప్పుడు ఆయన వెంట ఒకసారి వెళ్లాను. అరవిందాశ్రమం వాళ్ల వసతిగృహం ఒకటి, బీచికి నడిచి వెళ్లేంత దూరంలో. పేరు గోల్కొండ్. మన గోల్కొండే. హైదరాబాదు సంస్థానంలో పెద్ద పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం నుంచి డబ్బు వచ్చిందని ఆ పేరు పెట్టారు. ఆంటోనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు గీశాడు. 1930లలో మొదలై 1940లలో పూర్తయింది, అంటే చండీగఢ్ కన్నా ముందే. లోపలికి పోనివ్వరు, వీధిలో నిలబడి చూశాను. గోడ ఉండాల్సిన చోట పైనుంచి కిందిదాకా అడ్డంగా పలకలు, తెరుచుకునే మూసుకునే పలకలు. గాలి పోతుంది, వాన పోదు, ఎండ పోదు. అద్దం లేదు. స్లాబు మీద విడిగా వంపు పెంకుల్లాంటి కాంక్రీటు పలకలు పరిచి, మధ్యలో గాలి ఆడనిచ్చారు, ఎండ దెబ్బ స్లాబుకు తగలకుండా. ఆశ్రమంలో వాళ్లే పని నేర్చుకుని, తొందర లేకుండా కట్టుకున్నారట. ఆ అంచులు చూసి నాకు అసూయ పుట్టింది. మబ్బు పట్టిందని కంకర ముక్కలు దూర్చిన చేతుల పని కాదది.

చండీగఢ్‌కైతే సముద్రమే లేదు. దాన్ని మా రాజోలుకు ఎందుకు సాక్ష్యం పిలుస్తారో నాకు అర్థం కాదు.

సాక్ష్యం కావాలంటే మా ఊరి దగ్గరే ఉంది. గోదావరి పాయ వైనతేయ మీద పాత అక్విడక్టు, నది మీదుగా కాలువను దాటించే వంతెన. కాటన్ దొర కాలంలో, 1850లలో, 49 కమానులతో సున్నం పెట్టి కట్టారు. సిమెంటు అప్పటికి మన దేశంలో తయారే కాలేదు. మా నాన్న నన్ను చిన్నప్పుడు దాని కిందకు తీసుకెళ్లి, కమాను కింద గోరుతో మాలు గీకి చూపించేవాడు. గోరు అరిగేది గానీ మాలు రాలేది కాదు. ఆయన డంగు సున్నం మేస్త్రీ. ఎద్దు గానుగలో సున్నమూ ఇసుకా నూరించి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ కలిపించి, చిటికెడు నాలుక మీద వేసుకుని పదును చెప్పేవాడు. ఆ కమానుల్లో తుప్పు పట్టడానికి ఊచ లేదు, అదీ సంగతి.

చూరును ఇంత పొగిడాను కాబట్టి దాని గుణం కూడా దాచకూడదు. 1996 నవంబరు 6 రాత్రి మా పెంకుటింటి కప్పును గాలి చూరు పట్టుకునే లేపింది. పందిరి గుడ్డ లేపినట్టు లేపి, కొబ్బరిచెట్ల మీదకు విసిరింది. మా ఊళ్లో ఆ రాత్రి చెట్టూ మిగల్లేదు, చాలా ఇళ్లకు కప్పూ మిగల్లేదు. అప్పటినుంచి ఇంటి అసలు కప్పుకు చూరు అడుగున్నర దాటనివ్వను. నాలుగు వైపులా వాలు పెడతాను, రెండు వైపుల వాలు కన్నా గాలికి అది నయం. వాసాలను గోడలో పాతిన ఊచలకు బోల్టులతో బిగిస్తాను. మిగతా నీడంతా వసారాదే, ఆ కప్పు వేరు. గాలి వసారాను పట్టుకుపోయినా ఇంటి కప్పు జోలికి రాకుండా. మాస్టారి ఇంటికి అలాగే చేశాను. గూనపెంకు కింద రేకు పరిచాను. శ్రీలంకలో జెఫ్రీ బావా అనే ఆయన అలా ముడతల రేకు మీద పెంకులు పరిచి ఎన్నో ఇళ్లు కట్టారని ఆ మలయాళీ ఇంజనీరే చెప్పాడు. కోతులు పెంకు పీకినా ఇంట్లోకి చుక్క పడదు. మాస్టారి అమ్మాయి పెళ్లి ఆ వసారాలోనే జరిగింది. పెళ్లివారు గోడ ముందు నిలబడి సెల్ఫీలు దిగుతుంటే అమ్మగారు నా వంక చూసి తల తిప్పుకున్నారు.

రాజోలు ఇంటాయన మొన్న మళ్లీ ఫోన్ చేశారు. కోపం చల్లారింది. డొల్ల కాంక్రీటంతా ఊచ వెనకదాకా కొట్టేసి, తుప్పు వైరు బ్రష్షుతో గీకి, మందు పూసి, కొత్త మాలు కట్టాలి. నా కూలి తీసుకోనన్నాను. ఉప్పు లోపలే ఉంది కాబట్టి ఇంకోచోట మళ్లీ లేవదని మాత్రం మాట ఇవ్వలేదు. పడమటి అద్దం ముందు తాటి దూలాలతో వసారా దించడానికి ఆయన ఒప్పుకున్నారు, డిజైన్ అబ్బాయి కూడా ఈసారి ఏమీ అనలేదు. పని సంక్రాంతి వెళ్లాక.

ఈలోగా మీ ఫొటోగ్రాఫరు బాబుకు తీరికుంటే అట్లతద్ది వానల్లో ఒకసారి పంపండి, నేనే దగ్గరుండి రెండు ఇళ్లూ చూపిస్తాను. గొడుగు మాత్రం తెచ్చుకోమనండి. ఆ రాజోలు ఇంటికి గుమ్మం మీద కూడా సజ్జ లేదు, బెల్లు కొట్టి తలుపు తీసేలోపు కెమెరాతో సహా తడిసిపోతారు.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రీ,
పి.గన్నవరం మండలం, కోనసీమ జిల్లా